కత్తెర పడని పేరు

ఒమాన్‌లోని దార్సైట్‌లో మా కింది ఫ్లాట్‌లో ఉండే సార్ ఆదివారం పొద్దున పోయారు. గుండెపోటు. "మీ సార్ లేవడం లేదమ్మా" అని మాత్రమే అన్నారు ఆయన భార్య, ఆంటీ. నేను ఇంకా ఏడవలేదు. కోపం తగ్గితే ఏడుస్తాను.

ఆయన మా ఆఫీసులో అందరికంటే పాత ప్రోగ్రామరు. నాకు సీ భాష నేర్పింది ఆయనే. ఒమానీల పేర్లు, మన పేర్లు ఎవరి లిపిలో వాళ్లవి కూడా ఉండాలని పట్టుబట్టి, సిబ్బంది జాబితా మొత్తాన్ని ఏ లిపైనా పట్టే వైడ్ అక్షరాల్లోకి మార్పించారు. "ఇరుకు గదిలో కుక్కితే ఎవరి పేరైనా నలిగిపోతుందమ్మా" అనేవారు. మాట మధ్యలో ఫోనొస్తే పది నిమిషాలు మాట్లాడి, పెట్టేసి, సరిగ్గా ఆపిన మాట దగ్గరే అందుకునేవారు. "ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోవడానికి డబ్ల్యూసీఎస్‌టోక్‌కే ఒక చోటు కావాలి, మనకక్కర్లేదా?" అని నవ్వేవారు.

తెలియనివాళ్లకు చెబుతాను. డబ్ల్యూసీఎస్‌టోక్ అంటే అక్షరాల వరుసను ఖాళీ కనబడిన చోటల్లా తెగ్గొట్టి, ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుంటూ ఒక్కో ముక్కే ఇచ్చే ఫంక్షను. కిందటేడు నాకది ఎంతకీ బుర్రకెక్కకపోతే సార్ రెండు కాగితం చీలికల మీద తన పూర్తి పేరు రాసి, ఒకదాని మొదలు నన్ను పట్టుకోమని, ఖాళీల దగ్గర కత్తెరతో కత్తిరించారు.

"ఇప్పుడు అసలు కాగితం చూపించు."

నా చేతిలో మొదటి ముక్కే మిగిలింది. ఇంటిపేరు.

"చూశావా? ఇది అసలుకే కత్తెరేస్తుంది. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. కాపీ తీసుకోకుండా కోశావో, ఇంటిపేరు మిగుల్తుంది, మనిషి పోతాడు." రెండో చీలిక నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరుంచు."

పోయిన నెల జాబితాలో పేర్లను ఇంటిపేరు, సొంత పేరుగా ముక్కలు చేసే పని నాకు పడింది. సాయంత్రానికల్లా కావాలని మేనేజరు నెత్తిన కూర్చున్నాడు. సార్ ఆ రోజు సెలవు. ఎప్పుడూ ఆయనకు చూపించకుండా ఏదీ పంపనిదాన్ని, ఆ రోజు పంపేశాను. కాపీ తీసే ఆ ఒక్క లైనూ రాయలేదు.

ఆయన్ని సొంతూరు కాకినాడ పంపడానికి కంపెనీ ఇచ్చిన ఉత్తరం ఆ జాబితా నుంచే అచ్చయింది. అందులో ఇంటిపేరొక్కటే ఉంది. పాస్‌పోర్టుతో కలవడం లేదని కాగితాలు వెనక్కి వచ్చాయి. రెండు రోజులు సార్ మార్చురీలోనే ఉండిపోయారు.

మేనేజరు హైదరాబాదీ. "ఒక్క లైనే కదా, లైట్ తీస్కోండి. కొత్త లెటర్ కొట్టిద్దాం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

"మీ ఇంట్లోళ్లదైతే గిట్లనే అంటరా? సార్‌ను ఐస్‌ల పెట్టి లైట్ తీస్కోమంటరా?"

ఆఫీసంతా వినేలా, అతని యాసలోనే అరిచాను. అరిచానే గానీ తప్పు నాది. అదే నన్ను ఇంకా మండిస్తోంది. సంతాప సభలో అతనే లేచి సార్ గొప్పతనం చెబుతుంటే వినలేక బయటికొచ్చేశాను.

ఆంటీకి మాత్రం నిజం చెప్పాను. "ఆలస్యం నా వల్లే ఆంటీ."

ఆవిడ "ఆయనకు చూపించాల్సిందమ్మా" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

పూర్తి పేరుతో కొత్త ఉత్తరం వెళ్లింది. విమానంలో సార్ ఉన్న పెట్టె వెళ్లాక ఆఫీసుకొచ్చి ఆ లైను రాశాను. విసురుగా కీబోర్డు పక్కకు నెడితే, దాని కింద ఆ చీలిక. ఏడాదిగా అక్కడే ఉంది, నా వేళ్ల కిందే. సార్ చేతిరాతలో ఆయన పేరు మొత్తం, ఎక్కడా తెగకుండా.