ఆరున్నొకటి

మా మేనత్త జీవితంలో ఎన్నడూ ఏడు అనలేదు. చోడవరం సంతలో ఏళ్ళ తరబడి మానికతో బియ్యం కొలిచి అమ్మిన మనిషి. మొదటి మానిక పోస్తూ ఒకటి అనేది కాదు, లాభం అనేది. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరు తర్వాత ఆరున్నొకటి. ఆ తర్వాత ఎనిమిది. ఏడు అని నోటితో అంటే బియ్యం కొనుక్కెళ్ళిన ఇంట్లో ఏడుపు వినబడుతుందని ఆవిడ భయం. నేను లెక్కలు నేర్చుకున్నది బడిలో కాదు, సంతలో ఆవిడ గోనెపట్టా పక్కన కూర్చుని. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా, గొలుసు పట్టి పొలం కొలిచి, వంకరగా ఉన్న చెరకు తోటయినా సరే ఎన్ని సెంట్లో కాగితం ముట్టకుండా చెప్పేవాణ్ణి. బుచ్చయ్యపేట నుంచీ, రోలుగుంట నుంచీ కొలతలకి నన్నే పిలిచేవారు. అందువల్ల ఈ తప్పు ఇంకెవరు చేసినా ఊరుకుంటాను. చేసింది నేను. ఆ కోపం ఇప్పటికీ తీరలేదు.

మామయ్య పోయాక అత్త మా ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. అప్పటికే కళ్ళకి నీటికాసులు. విశాఖపట్నంలో డాక్టరు చూసి, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోడానికి రోజూ చుక్కలు వేసుకోవాలి అన్నాడు. ఆవిడకి బొత్తిగా కనబడదని కాదు. ఎదురుగా ఉన్నది కొంచెం కనబడుతుంది, దాని చుట్టూ ఏమీ ఉండదు. "గొట్టంలోంచి సూసినట్టుంటాదిరా" అనేది.

అప్పట్లో మాకు పద్నాలుగు అంగుళాల నలుపు తెలుపు టీవీ ఉండేది. ఛానెల్ మార్చడానికి గుండ్రటి నాబు. దాని మీద గోరుకి తగిలేలా పొడుచుకొచ్చిన గీత. పన్నెండు స్థానాలు, ఒక్కో స్థానానికీ ఒక టక్కు. కేబుల్ వచ్చాక తెలుగు ఛానెల్ ఏడో స్థానంలో పడింది. మధ్యాహ్నం నేను పొలాల మీద ఉంటాను, మా ఆవిడ కుట్టుమిషను పనికి వెళ్తుంది. రెండున్నరకి అత్త తన సీరియల్ తనే పెట్టుకునేది. నాబు మీది గీత తడిమి దాన్ని నిలువుగా పైకి తెచ్చేది. అది లాభం. అక్కణ్ణుంచి టక్కు, రెండు. టక్కు, మూడు. అలా ఆరున్నొకటి దాకా. ఏమీ రాని స్థానాల్లో టీవీ బుస్సుమనేది. ఆ బుస్సు వినబడితే టీవీ బతికే ఉందని తెలిసేది. సీరియల్లో తోడికోడళ్ళిద్దరూ దెబ్బలాడుకుంటుంటే మధ్యలో ఈవిడ తీర్పులు చెబుతూ ఉండేది. రోజు మొత్తంలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవర్నీ పిలవకుండా ఆవిడ చేసుకునే పని అదొక్కటే.

దాన్ని నేను తీసేశాను.

పాత టీవీ ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళండి అని మెయిన్ రోడ్డు మీద షాపులో బోర్డు పెట్టారు. ఇరవై ఒక్క అంగుళాల కలర్ టీవీ, రిమోట్. ఇరవై ఒకటిని పద్నాలుగుతో భాగిస్తే ఒకటిన్నర. అంటే బొమ్మ అటు ఒకటిన్నర రెట్లు, ఇటు ఒకటిన్నర రెట్లు, మొత్తం రెండుంపావు రెట్లు. రోడ్డు మీదే నిలబడి లెక్క కట్టేశాను. రెండుంపావు రెట్లు పెద్దదైతే అత్తకి రెండుంపావు రెట్లు బాగా కనబడుతుంది. గుణకారంలో తప్పులేదు. గట్టు మీద ముల్లుకంప ఉంటే దాన్ని కూడా కొలిచి తీసేసే మనిషిని, అత్త చూపు ఎంత వెడల్పో కొలవకుండా టీవీ కొనేశాను. ఆవిణ్ణి ఒక్క మాట అడగనైనా లేదు. పాతది రిక్షాలో వెళ్ళిపోయింది, కొత్తది అదే రిక్షాలో వచ్చింది.

మొదటి రోజు అత్త దాని ముందు చాలాసేపు కూర్చుంది.

"ఎలాగుంది అత్తా?"

"రంగులు బాగున్నాయిరా. మనుసులు ఎక్కడున్నారు?"

ఇంకా పెద్దది కావాలేమో అనుకున్నాను. నా బుద్ధి ఎప్పుడూ ఒక వైపే నడుస్తుంది. ఆ రోజుల్లో టీవీ తెర ముందు తగిలించే పెద్ద ప్లాస్టిక్ అద్దం అమ్మేవారు. దాంట్లోంచి చూస్తే బొమ్మ ఇంకా పెద్దగా కనబడుతుంది. విశాఖపట్నంలో అమ్మినవాడు "ముసలోళ్ళకీ, సూపు తక్కువోళ్ళకీ స్పెషలండి, కళ్ళజోడు కూడా అక్కర్లేదు" అన్నాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. తెరకి ఎంత దూరంలో పెడితే బొమ్మ చెదరదో టేపుతో కొలిచి, చెక్క ముక్కలు కోసి బిగించాను. పక్కకి జరిగి చూస్తే అంతా వంకరగా కనబడుతుంది కాబట్టి, అత్త కుర్చీ కాళ్ళు ఎక్కడుండాలో నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాను. ఆవిణ్ణి తెచ్చి ఆ గుర్తుల మధ్య కూర్చోబెట్టాను.

"ఇప్పుడు?"

అత్త తల ఇటూ అటూ కదిపింది. "ముక్కు కనబడతంది."

"ఇంకా?"

"ఇంకేటి లేదు. ముక్కే. శానా పెద్ద ముక్కు. ఎవరిదిరా ఇది, పెద్దకోడలిదా, సిన్నకోడలిదా?"

మా ఆవిడ వంటింట్లోంచి ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పుడు కొలిచాను, అంతా అయిపోయాక. అత్తని నాలుగడుగుల దూరంలో గోడకి ఎదురుగా కూర్చోబెట్టి, వేలు గోడ మీద జరుపుతూ, కనబడినంత మేరా సున్నం మీద పెన్సిలుతో గీశాను. జానెడు. అటూ ఇటూ కలిపి తొమ్మిది అంగుళాలు, అంతే. పాత టీవీలో మనిషి మొహం ఆ జానెడులో పట్టేది. కొత్త టీవీలో సగం మొహం. అద్దం పెట్టాక ముక్కు. నేను పెద్దది చేసినకొద్దీ ఆవిడకి తక్కువ కనబడుతోంది. సంచి మూతి అంతే ఉండగా లోపలికి గుమ్మడికాయ తోస్తానంటున్నాను. ఈ ముక్క ఆ అమ్మినవాడికి తెలియదా? తెలియకపోతే చూపు తక్కువోళ్ళకి స్పెషల్ అని ఏ నోటితో అన్నాడు? నీటికాసుల మనిషిని ఒక్కర్నయినా ఆ అద్దం ముందు కూర్చోబెట్టి చూశాడా?

అద్దం తీసి అటక మీదకి విసిరాను. బొమ్మ పోతే పోయింది, మాటలైనా తనంతట తను వినగలిగితే చాలనుకున్నాను. ఇక మిగిలింది రిమోట్. దాని మీద ముప్ఫై నాలుగు బటన్లు, నేనే లెక్కపెట్టాను. అన్నీ రబ్బరువి, అన్నీ ఒకే సైజు, వేలికి దేనికీ తేడా తెలియదు. తయారుచేసినవాడు ఒక్కసారైనా కళ్ళు మూసుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నాడా? మా ఆవిడ మఖ్మల్ బొట్టుబిళ్ళ ఒకటి తీసి ఐదు మీద అతికించాను. బిళ్ళకి ఎడమ నాలుగు, కుడి ఆరు, పైన రెండు, దానికి ఎడమ లాభం, కుడి మూడు. అత్త వేలు పట్టుకుని నేర్పాను. పది నిమిషాల్లో పట్టేసింది. ఆరు దాకా చెప్పానో లేదో, మాడుగుల బస్సు టైమైపోతోందని, అటు పొలం కొలతకి తీసుకెళ్ళాల్సిన రైతు గుమ్మంలోంచి కేకేశాడు.

"తక్కినవి కింద అదే వరసలో ఉంటాయి అత్తా. నీది ఆరున్నొకటి" అని చెప్పి గొలుసు సంచి పట్టుకుని వెళ్ళిపోయాను.

ఆ తర్వాత సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెడితే, రోజూ తెర మూలన ఒకటే అంకె, 61. అక్కడ ఏ ఛానెలూ లేదు. నీలం తెర, చప్పుడు లేదు. కొత్త టీవీకి ఇదొక గొప్ప సౌకర్యం, బొమ్మ రాని చోట బుస్సుమనకుండా నోరు మూసుకుంటుంది. అరవై ఒకటి ఎందుకని నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను, టీవీలోనే లోపమనుకున్నాను. ఐదో రోజు కొలత తొందరగా ముగిసి మూడింటికే ఇంటికొస్తే, అత్త ఎదురింటి గుమ్మం మెట్టు మీద గోడకి చేరబడి కూర్చుని ఉంది. లోపల వాళ్ళ టీవీలో సీరియల్ నడుస్తోంది. ఎదురింటావిడ తలుపులో నిలబడి, నేను వినాలనే అంటోంది.

"అంత పెద్ద టీవీ ఇంట్లో ఎట్టుకుని మా మెట్టు మీదకొచ్చేవేటి పెద్దమ్మా? మీ అల్లుడు తాళం ఏసుకుని ఎల్లిపోతన్నాడేటి?"

సంతలో ఒకరు ఒకటంటే నాలుగు అనే మనిషి తల వంచుకుని ఊరుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చాను.

"రిమోట్ ఉంది కదా, ఎందుకు పెట్టుకోవు?"

"ఎట్టేనురా. నువ్వు సెప్పినట్టే ఎట్టేను. పలకదు. పాడు సేసేనేమోనని..."

"ఏది, పెట్టు చూద్దాం."

బొట్టుబిళ్ళ వెతికింది. దానికి కుడి పక్కకి వేలు జరిపి నొక్కింది. ఆరు. మళ్ళీ బిళ్ళ దగ్గరికి వచ్చి, పైకి వెళ్ళి, ఎడమకి జరిగి నొక్కింది. లాభం. ఆరున్నొకటి. తెర నీలం అయి నోరు మూసుకుంది.

"ఏడు కదా నొక్కాలి! ఏడు!" అని అరిచాను.

"అపశకునపు మాటలాడకురా" అని ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది. "ఆరున్నొకటి అన్నావు. ఆరు నొక్కేను, ఒకటి నొక్కేను. నాను కొలిసిన కొలత ఏనాడూ తప్పలేదు. నువ్వే తప్పు సెప్పేవు."

నిజం. నేను ఆరు బటన్లే నేర్పి వదిలేస్తే, ఉన్న ఆరింటితోనే ఆవిడ తన ఏడుని తయారుచేసుకుంది. పలకకపోతే లోపం తనదే అనుకుని, నాకు చెప్పకుండా, వెళ్ళి ఎదురింటి మెట్టు మీద కూర్చుంది. పాత టీవీ అయితే తప్పు స్థానంలో బుస్సుమని ఉండేది, ఇంకో టక్కు తిప్పుకుని ఉండేది.

ఆ సాయంత్రమే తెలుగు ఛానెల్ని ఒకటో నంబరుకి మార్చాను. బిళ్ళకి పైన, ఎడమ. లాభం. వారం రోజులు సీరియల్ బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు కేబుల్ ఆపరేటర్ తన సొంత సినిమాల ఛానెల్ ఒకటి దూర్చడానికి అన్నీ జరిపేశాడు. మా లాభంలో ఇప్పుడు వాడి సినిమా. అత్త మళ్ళీ మెట్టు మీద.

ఆపరేటర్ గదికి వెళ్ళాను. నా కన్నా చిన్నవాడు, కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"మార్చే ముందు ఒక మాట చెప్పకూడదా?"

"అన్ని ఇళ్ళకీ సెప్పుకుంటా తిరగమంటారా? రిమోట్ నొక్కుకుంటే అదే దొరుకుతాదండి."

"మా అత్తకి చూపు లేదు. నంబరు మారితే ఆవిడకి దొరకదు."

నవ్వాడు. పక్కనున్న వాళ్ళ వైపు చూసి మరీ నవ్వాడు. "సూపు లేనామెకి బొమ్మ ఏ నంబర్లో వస్తే ఏటండి? రేడియో కొనియ్యండి, సరిపోతాది."

చూపు లేదు కాబట్టే నంబరు కావాలిరా అని నేను వేసిన కేకకి బయట టీకొట్టు దగ్గరున్న వాళ్ళు లోపలికొచ్చారు. ఛానెల్ మాత్రం వెనక్కి రాలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా టీవీ షాపుకి నడిచాను. నా పాత టీవీ నాకు కావాలన్నాను.

"ఎవరైనా ముందుకెల్తారు గానీ ఎనక్కెల్తారేటి బాబూ?" అన్నాడు షాపతను.

"ముందుకెళ్ళింది ఎవరయ్యా? నువ్వూ, నేనూ. ఆవిడ ఎదురింటి మెట్టు మీదకెళ్ళింది." షాపులో నలుగురు పెళ్ళివారు కొత్త టీవీ చూసుకుంటున్నారు. వాళ్ళు వినేలాగే అన్నాను. "చూపు తక్కువైన వాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే ఇది కొనకండి." షాపతను గబగబా నన్ను వెనక గదిలోకి తోసుకెళ్ళాడు. దుమ్ములో పాత టీవీలు ఒకదాని మీద ఒకటి. కుడి పక్కన సొట్టని బట్టి మాది గుర్తుపట్టాను. నాబు లేదు.

"ఇంకోదానికి పనికొత్తాదని పీకీసేను. ఇలాగే అట్టుకుపొండి, అరవకండి."

ఇంటికి తెచ్చి అత్త మంచం పక్క బల్ల మీద పెట్టి, కేబుల్ తీగ చీల్చి దానికీ ఇచ్చాను. నాబు ఉండాల్సిన చోట ఒక సన్నటి ఇనుప పుల్ల మిగిలింది. అది చూసి మళ్ళీ ఒళ్ళు మండింది, షాపుకి మళ్ళీ వెళ్ళబోయాను. అత్త ఈలోపు టీవీని నాలుగు వైపులా తడిమింది. సొట్ట దొరికింది. ఆ పుల్ల దొరికింది. పుల్లకి ఒక పక్క చదునుగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు, ఆవిడ వేలికి తెలిసింది.

"పట్టకారు తే."

నా పనిముట్ల సంచిలోది తెచ్చిచ్చాను. చదును వైపు పైకి వచ్చేలా తిప్పింది. "లాభం" అంది. టక్కు. "రెండు." బుస్సు. "మూడు." ఎవరిదో పాట. అలా ఆరున్నొకటి దాకా వచ్చింది. అక్కడ ఆపరేటర్ పెట్టిన కొత్త సినిమా. నేను లేచాను.

"ఎక్కడికి?"

"వాడి సంగతి చూడ్డానికి."

"కూకో." ఎనిమిది. బుస్సు. తొమ్మిది. పెద్దకోడలు చిన్నకోడల్ని తిడుతోంది. అత్త మొహం తెరకి దగ్గరగా పెట్టి, జానెడు చూపులో ఆ మొహాన్ని పట్టి చూసింది.

"తొమ్మిదిలో దాసేడు ఎదవ. రేపు ఇంకో దగ్గర దాసినా ఎతుక్కుంటాను. నువ్వు మాత్రం ఇంక నాకు మంచి సెయ్యకురా అల్లుడా."

ఆ పట్టకారు మళ్ళీ నా సంచిలోకి రాలేదు. నేను ఇంకొకటి కొనుక్కున్నాను. మధ్యాహ్నం ఎప్పుడైనా తొందరగా ఇంటికొస్తే, ముందు ఎదురింటి మెట్టు వైపు చూసేవాణ్ణి. ఖాళీగా ఉండేది.