బిజాపూర్ గుమ్మటంలో మరదలి పేరు

సైకిలున్న కుర్రాడు సగం పెళ్ళికొడుకని, మరాఠీ గడ్డమీది తెలుగు నేతగాళ్ళ పేట మా భవానీపేట నమ్మే రోజులవి. నాకు సొంత సైకిలు లేదు, కొంతం చౌక్‌లో అద్దెకు తెచ్చుకునేవాణ్ణి. కాబట్టి పావు పెళ్ళికొడుకునన్నమాట! మిగతా ముప్పావు మా మేనమామ కూతురి చేతిలో ఉంది. ఆమెకి వేరే సంబంధాలు చూస్తున్నారని తెలిసి నేను కంగారుగా వెళితే, ఆమె బీడీలు చుడుతూ తలెత్తకుండానే షరతు పెట్టింది. "బిజాపూర్ గుమ్మటంల పిలిస్తే పేరు మళ్ళ మళ్ళ ఇనవడ్తదంట. సైకిల్ మీద పోయి నా పేరు పిలిచి రా. గప్పుడు మా నాయినతోని నేనే చెప్త." (ఆ పేరు ఇక్కడ రాయను, ఇది మా ఇంట్లో చదువుతారు.)

ఒక్కణ్ణే పంపడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. తోడుగా ఎవర్ని పంపిందయ్యా అంటే, ఆ పిల్ల అన్ననే! నాకు బావ, కోపం ముక్కుమీద ఉండే మనిషి. షరతు సంగతి దాచి, గుమ్మటం చూడ్డానికేనని ఆయనకి చెప్పాను. తెల్లవారకముందే బయలుదేరాం. వీధి మలుపు నుంచే నేను గాలితో పందెం వేశాను. "అరే, హళూ! బిజాపూర్ ఏడికన్న పారిపోతదా?" అని బావ వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. (మెల్లగా అనాలంటే మాకు మరాఠీ మాటే ముందు నోటికొచ్చేది.) భీమా నది చేరేసరికి నేను గట్టున వెల్లకిలా పడి ఉన్నాను. ఆయన తీరిగ్గా వచ్చి జొన్నరొట్టెల మూట విప్పాడు. నాకు ముద్ద దిగలేదు. సాయంత్రం గుమ్మటం తలుపులు మూసేస్తారు, అప్పటికి చేరకపోతే ఆ పిల్ల నాకు దక్కదని ఏడుపొచ్చింది.

"పొద్దుగాల నుంచి పొద్దుగూకే దాక మగ్గం తొక్కుతవు. ఏనాడన్న గిట్ల పడ్డవా? అట్లనే తొక్కు" అన్నాడు బావ. అట్లాగే తొక్కాను. ఒక కాలు నొక్కగానే రెండో కాలు దానంతటదే ఆగిపోయింది. మగ్గం మీద నాడె దారం తీసుకుని అటు చివరికి చేరేదాకా ఆగడం నా కాలి అలవాటు మరి! సైకిలు ఊగి ఊగి కందిచేలోకి దిగింది. బావ కడుపు పట్టుకుని నవ్వాడు. "నాడె లేదురా ఈడ! ఆగొద్దు, ఉరకొద్దు!" ఆ నవ్వుతో నా భయం కూడా కొంత వదిలింది. ఆ తర్వాత ఆయన చక్రం పక్కనే నా చక్రం నడిచింది. ఆయాసం లేదు, దారిపొడుగునా కబుర్లు కూడా సాగాయి. దూరాన గుమ్మటం కనిపించేసరికి ఎండ ఇంకా మిగిలే ఉంది.

మెట్లెక్కి గుమ్మటం లోపలి గుండ్రటి వసారాలోకి వెళ్ళాం. అటువైపు చూసి రమ్మని బావని పంపించి, ఇటు గోడకి నోరు ఆనించి గుసగుసగా ఆమె పేరు పలికాను. (గట్టిగా పిలిచే ధైర్యం నాకెక్కడిది?) ఎంత చిన్న గుసగుసైనా ఎదుటి గోడకి చేర్చే కట్టడమని నాకెవరూ చెప్పలేదు. అటు బావ చటుక్కున తిరిగి చూశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపటికి గోడలోంచి ఆయన గొంతు, చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది. "ఇనవడ్డది. ఇంటికి పోయినంక మా నాయినతోని నేను మాట్లాడ్త. అప్పటిదాక హళూ తొక్కు."

తిరుగుదారిలో హళూ తొక్కడమంత కష్టమైన పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

ఇప్పుడు మా మకాం నీలం నగర్. మోకాళ్ళు సైకిలుకి ఎప్పుడో సెలవిచ్చాయి. గడపలో కూర్చుని ఆ పేరే పిలుస్తుంటాను. ఎంత గట్టిగా పిలిచినా ఈ ఇంట్లో పేరు తిరిగి రాదు. "వస్తున్న, హళూ!" అంటూ మనిషే వస్తుంది.