వాల్వ్ కవర్ లోపలి రాత

మా అల్లుడు ఆ పెట్టెను ఇంటికి తెచ్చిన రోజు సౌదీలోని హుఫూఫ్‌లో దుమ్ముగాలి లేచింది. ఖర్జూరాలు పెట్టే చెక్కపెట్టె. లోపల పాత గుడ్డల్లో చుట్టిన ఇనుప సామాన్లు. తను బండ్లు బాగుచేసే షెడ్డులో ఉంచితే దుమ్ము పడుతుందని, ఒక్కటి పోయినా మళ్లీ దొరకదని ఇంటికి మోసుకొచ్చాడు. స్నానాల గది పక్కన గోడకు చేర్చి, నా కూతురితో ఏదో చెప్పి పోయాడు. కూతురు బాలింత. విన్నదో, నిద్రమత్తులో ఊ కొట్టిందో, ఆ మాట నా దాకా రాలేదు.

వస్తే కూతురి నోటి మీదుగానే రావాలి. మా ఇళ్లలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. అతను గదిలోకి వస్తే కొంగు లాక్కుని పక్కకు జరగడం, ఏమైనా అడగాలంటే కూతురికో గోడకో చెప్పినట్టు చెప్పడం. పెళ్లయిన తొమ్మిదేళ్లలో మేమిద్దరం ఎదురెదురుగా ఒక్క మాట అనుకోలేదు. కాన్పుకు సాయంగా విజిట్ వీసా మీద వచ్చి, ఆ రెండు గదుల ఇంట్లో ఉంటూ కూడా నేను ఆ కట్టు తప్పలేదు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది అప్పటికి.

ఆ సామాన్లు ఎవరివో మాత్రం తెలుసు. అల్లుడికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఒక ముసలాయన. చనిపోయిన కొడుకు కారును మళ్లీ నడిపించాలని పట్టుబట్టాడు. పాతకాలపు అమెరికా బండి. మూతి పొడుగు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆ కొడుకు ఇంజనును ముక్కముక్కగా విప్పిపెట్టి, మళ్లీ బిగించకముందే, వేరే బండిలో ఖఫ్జీ దారిన పోతుంటే ఒంటె అడ్డమొచ్చి ప్రాణం పోయింది. పన్నెండేళ్లుగా ఆ ముక్కలు తోటలోని కొట్టులో ఉన్నాయి. కొత్తవి తెప్పిద్దామంటే ముసలాయన ఒప్పుకోలేదు. కొడుకు చేత్తో తీసినవే తిరిగి ఎక్కాలన్నాడు.

మరునాడు కూతురూ బిడ్డా నిద్రపోతుంటే నేను ఆ పెట్టె విప్పాను. ఇంట్లో మురికిని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. చంటిదానికి సాంబ్రాణి పొగ వేశాక మిగిలిన బొగ్గు బూడిద దాచిపెట్టి ఉంచాను. చారుకు పిసికిన చింతపండు పిప్పి ఉంది. ఆ ఊళ్లో ఒళ్లు రుద్దుకునే ఖర్జూరపు పీచు ఉంది. అల్లుడి డబ్బాలోని కిరసనాయిలు కొంచెం బేసిన్లో పోసి, సామాన్లన్నీ నానబెట్టాను. పెన్సిలంత లావు, జానెడు పొడుగు ఇనుప పుల్లలు పదహారు. వాటి మీద తెల్ల గీతలు, చుక్కలు. సున్నం మరకలనుకుని బూడిద వేసి తోమాను. మా అత్తగారి రాగి బిందెలను కూడా అంత బాగా తోమలేదు నేను.

చివరికి ఒక రేకు మూత మిగిలింది. రొట్టెల పెట్టెంత ఉంటుంది. వాల్వ్ కవర్ అంటారని తర్వాత తెలిసింది. లోపలంతా నల్లటి నూనె మడ్డి. నాలుగు రుద్దులు రుద్దేసరికి మడ్డి కరిగి, దాని కింద తెల్లగా ఒక వరుస తేలింది. అవి మరకలు కావు. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అరబ్బీ రాత కనిపిస్తే కళ్లకద్దుకోవడం తెలుసు గాని చదవడం నాకు రాదు. కానీ రాత అని తెలిసింది. చెయ్యి ఆగలేదని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. నేను ఆపలేదు. సగం తోమి సగం వదిలేస్తే పని వికారంగా ఉంటుందని, ఒక్క క్షణం చూసి, మళ్లీ రుద్దాను. ఆ తెలుపు పాలలా కరిగి బూడిదలో కలిసిపోయింది.

మధ్యాహ్నం అల్లుడు భోజనానికి వచ్చాడు. గుడ్డ మీద వరుసగా ఆరబెట్టిన పుల్లలను చూసి చెప్పులు విప్పడం మరిచాడు.

"ఎవురు తోమినారివి?" అని నా కూతురిని అడిగాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"మాయమ్మ. అద్దాల మాదిరి లేవా?"

"అంకెలు ఉన్యాయి గదే వాటి మింద! ఏ పుల్ల యాడ ఎక్కల్లో ఆ పిల్లోడు రాసి పెట్టుకున్యాడు. ముట్టొద్దని నీకు చెప్పి పోలేదా నేను?"

కూతురు నా వైపు తిరిగింది. "ఇంజనును గూడా చారు గిన్నె అనుకున్యావా మా?"

"మరకలనుకున్యానని చెప్పు" అన్నాను.

రేకు మూత గురించి ఎవరూ అడగలేదు. దాని లోపల రాత ఉందని ఎవరికీ తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ పుల్లల్లో ప్రతిదానికీ ఇంజనులో ఒక చోటు ఉందట. ఏళ్ల తరబడి ఒకే చోట అరిగినది ఇంకో చోట కుదరదట. అల్లుడు పది రోజులు భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్కదాని కొన ఎట్లా అరిగిందో చూసి జత కుదిర్చాడు. అది అతని పనితనం. కానీ అంకెలు తిరిగి రావు కదా. ముసలాయన ప్రతి శుక్రవారం నమాజు తర్వాత వచ్చి ఆ అంకెల మీద వేలు పెట్టి తడుముతూ కూర్చునేవాడట. ఒక శుక్రవారం జ్వరం అని చెప్పి అల్లుడు తప్పించుకున్నాడు. మర్నాడు చూస్తే పేపరు అంచుల మీద తెల్లరంగుతో అరబ్బీ అంకెలు రాసి రాసి చూసుకుంటున్నాడు. ముసలాయనకు చూపు తక్కువ, పోల్చుకోలేడని కూతురితో అంటున్నాడు.

నేను కొంగు సర్దుకుని గదిలోకి వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాను.

"రాయొద్దు నాయనా. సచ్చిపోయినోని చేతిరాత మనం రాయకూడదు."

అతను ఉలిక్కిపడి లేచాడు. కుంచె కింద పడింది. "చెప్తే వీసా మీద ఖురూజ్ కొట్టి మన దేశానికి పంపిస్తాడత్తా. ఈ పని, ఈ ఇల్లు, అన్నీ ఆయనవే. నలుగురమూ మూట కట్టుకోవల్ల."

"నేనే చెప్తా. నన్నేం పంపుతాడు, నేను ఎట్లా పొయ్యేదాన్నే."

తర్వాతి శుక్రవారం ముసలాయన మా ముందుగదిలో కూర్చున్నాడు. ఎర్ర గళ్ల రుమాలు, సన్నటి చేతులు. పెద్దావిణ్ని గనక నన్ను హజ్జా అని పిలిచాడు. నేను తెలుగులో చెప్పాను, అల్లుడు అరబ్బీలో చెప్పాడు. తోమిన సంగతి విని ఆయన కళ్లు మూసుకున్నాడు. అక్కడితో ఆగొచ్చు. నేను ఆగలేదు.

"ఇంకోటి ఉండాది. ఆ రేకు మూత లోపల గూడా ఏందో రాసినాడు. అది రాతని తెలిసే తుడిచినా."

అల్లుడు నన్ను చూశాడు. అది అతనికీ కొత్త. అదీ అరబ్బీలో చెప్పాడు. ముసలాయన ముందుకు వంగాడు. కోపం లేదు. ఆకలిగా ఉన్నవాడు గిన్నెను చూసినట్టు నన్ను చూశాడు.

"ఐష్ మక్తూబ్?" అన్నాడు. ఏం రాసి ఉందని.

నాకేం తెలుసు? జేబులోంచి మందుల చీటీ తీసి, పెన్ను నా చేతిలో పెట్టాడు. కళ్లతో చూసిందాన్ని గీయమన్నాడు. నేను ముగ్గు గీసినట్టు ఎడమ నుంచి కుడికి గీశాను: ఒక పొడుగు గీత, పడవలాంటిది, చివర ముడి. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి, పెదాలు కదిపి, తల అడ్డంగా ఊపాడు. లేస్తూ, ఆ రాత తెలిసేదాకా మూత బిగించొద్దని చెప్పి వెళ్లాడు.

ఇంజను అట్లాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. అల్లుడి పని ఆగింది. ప్రతి శుక్రవారం ఆయన కొత్త కాగితంతో వచ్చేవాడు. నేను గీసేదాన్ని. కూర తరుగుతున్నా, బిడ్డను ఊపుతున్నా ఆ తెల్ల వరుస కళ్ల ముందు తేలేది. పట్టుకోబోతే కరిగేది. బతికున్నవాళ్లలో దాన్ని చూసింది నేనొక్కదాన్నే. చదువుకున్న కళ్లలో పడి ఉంటే ఒక మాటై మిగిలేది. నా కళ్లలో పడి వట్టి గీతలైంది. ఆ పిల్లవాడిని నేను ఎప్పుడూ చూడలేదు. అయినా పక్కన నిలబడి, నా చెయ్యి ఎటు పోతుందా అని చూస్తున్నట్టు ఉండేది. వెనక్కి తిరిగితే స్నానాల గది గోడ.

నాలుగో శుక్రవారం పెన్ను పట్టుకున్నప్పుడు ఒకటి గమనించాను. నేను కాగితాన్ని చూడటం లేదు, ఆయన మొహాన్ని చూస్తున్నాను. పెన్ను కిందికి దిగితే ఆయన కనుబొమ్మలు లేస్తున్నాయి. అక్కడ చుక్క పెట్టాను. ఊపిరి బిగపట్టాడు. పక్కన ఇంకో రెండు చుక్కలు పెట్టాను. ఆయన కాగితం లాక్కుని పెద్దగా చదివాడు.

"యుబా!"

అది ఆ ఊరి పిల్లలు నాన్నను పిలిచే పిలుపు. కాగితాన్ని ముద్దు పెట్టుకుని, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నేను అల్లుడితో గబగబా అన్నాను: "ఆ చుక్కలు నేను చూసినవి కావని చెప్పు నాయనా. ఆయన మొగం చూసి పెట్టినానని చెప్పు. నాకు గ్యాపకం పోయిందని చెప్పు."

అల్లుడు నన్ను చూశాడు, ముసలాయనను చూశాడు. అరబ్బీలో రెండే రెండు మాటలు అన్నాడు. నేను చెప్పింది అంత పొట్టిది కాదు. ముసలాయన రెండు చేతులూ పైకెత్తి నాకు దువా చేశాడు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో కాదని చెప్పగలను. ఆయనకూ హిందీ కొంచెం వచ్చు. నా నాలుక లేవలేదు.

ఆ కాగితం చూసి అల్లుడే కుంచెతో మూత లోపల తెల్లగా ఆ మాట రాశాడు. ముసలాయన పక్కన నిలబడి రాయించాడు. వద్దని కట్టు దాటి వచ్చి చెప్పినదాన్ని, ఆ రోజు షెడ్డు గుమ్మం దగ్గర బిడ్డను ఎత్తుకుని చూస్తూ ఉన్నాను. రంగు ఆరాక మూత పెట్టి బిగించారు. తాళం తిప్పగానే ఇంజను ఒకసారి దగ్గి, పట్టుకుంది. నేల అదిరింది. బిడ్డ కెవ్వుమంది. పదహారు పుల్లలూ ఎక్కడివి అక్కడ ఆడుతున్నాయని అల్లుడు మొహం చూస్తే తెలిసింది. అతని కొలువు నిలబడింది.

ముసలాయన నన్ను దగ్గరకు పిలిచాడు. బిగించిన మూత మీద వేలు పెట్టి, ఆ వేలే తన గుండెల మీద ఆనించుకుని, "యుబా" అన్నాడు. అవునా అన్నట్టు నా కళ్లలోకి చూశాడు. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అల్లుడు అరబ్బీలోకి మార్చే అవసరమూ లేదు.

నేను తల ఊపాను.