గేమ్ కన్సోల్‌కు జెండా పాట

కరోనా సద్దుమణిగాక వచ్చిన దసరాకు ముందు నన్ను హైదరాబాద్ బ్రాంచి నుంచి వరంగల్‌కు ఏరియా సేల్స్ మేనేజర్‌గా వేశారు. మాది ఎలక్ట్రానిక్ వస్తువులను కంపెనీల దగ్గర తీసుకొని షాపులకు చేర్చే డిస్ట్రిబ్యూషన్ సంస్థ. వరంగల్, హనుమకొండ, నర్సంపేట డీలర్లంతా నా కిందికి వచ్చారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి సొంత ప్రాంతం ఇచ్చారని ఇంట్లో సంతోషించారు. నేనూ సంతోషించాను, కొత్త గేమ్ కన్సోల్ విడుదలయ్యేదాకా.

కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆటలాడుకునే యంత్రం. దాని మొదటి లాటు హనుమకొండలో వెంకటేశం సేటు షాపులో వారం తిరగకుండా అయిపోయింది. రెండో లాటూ అంతే. మా బ్రాంచి మేనేజర్ ఫోన్ చేసి మెచ్చుకొని, ఏడాది మొత్తానికి అంచనా పంపమన్నారు. ఆయన దగ్గర ఒక లెక్క ఉంది. పాత కన్సోల్ మొదటి వారాల్లో ఎంత అమ్మిందో, ఏడాదికి ఎంత అమ్మిందో చూసి, కొత్తదాన్ని కూడా అదే నిష్పత్తిలో హెచ్చించడం. నేను హెచ్చించాను. వచ్చిన సంఖ్య చూస్తే భయం వేసింది.

నా భయమంతా సేటు గురించి. తండ్రి నాటి షాపు. మిక్సీలు, ఫ్యాన్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఎయిర్ కూలర్లు. ఓరుగల్లు ఎండలే ఆ షాపును ఏడాదంతా పోషిస్తాయి. కూలర్లకు చలికాలంలోనే బుకింగ్ చెయ్యాలి. అప్పుడు చెయ్యనివాళ్లకు ఎండాకాలంలో సరుకు దొరకదు. సేటు ఈసారి ఆ బుకింగ్ మానేసి, గోదాము మొత్తం కన్సోళ్లకు ఇద్దామని చూస్తున్నారు.

"మేడం, జర సాఫ్ చెప్పుండ్రి. కూలర్లు బుక్ చెయ్యాల్నా, వద్దా? మీ అంచనా ఎంతంటె గంత సరుకు దించుకుంట," అన్నారు.

కౌంటర్లో కూర్చున్న ఆయన భార్య అరుణమ్మ, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! గీ ఆటల డబ్బా ఎండకాలంల చల్లగాలి ఇస్తదా?" అని నవ్వారు. సేటు నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

తక్కువ చెబితే బ్రాంచి మాకొచ్చే కన్సోళ్ల కోటా కోసి వేరే జిల్లాకు ఇచ్చేస్తుంది. కన్సోల్ నిజంగానే నిలబడితే సేటు నోటి దగ్గరి ముద్ద నేనే లాగేసినట్టు. ఎక్కువ చెప్పి అది పడుకుంటే, నడి ఎండల్లో ఆ షాపులో అమ్మడానికి ఒక్క కూలర్ ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో పాటల పుస్తకం తెరిచి పట్టుకొని కూడా మనసులో గుణకారాలే చేశాను. ప్రభువు క్షమించాలి.

మా నాన్న నర్సంపేట దగ్గర మిర్చి రైతు. ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున్నే వేలం మొదలుపెట్టి, మేలు రకం సరుకుకు పలికించే మొదటి పెద్ద ధరను జెండా పాట అంటారు. మర్నాడు పేపర్లో పడేది అదే. ఆ ధర దక్కేది మాత్రం ఏ కొద్ది బస్తాలకో. మిగతా యార్డంతా అంతకంటే తక్కువకే పోతుంది. పేపరు చూసినవాళ్లు "ఇంకేంది, నీ పంట పండె" అంటే నాన్నకు ఒళ్లు మండేది. నా చేతిలో ఉన్నది కూడా జెండా పాటేనని, మిగతా యార్డును ఇంకా చూడనేలేదని చర్చి మెట్లు దిగుతుంటే తట్టింది.

మరుసటి ఆదివారం సేటు షాపులో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఎవరెవరు కొన్నారని అడిగాను. కొందరు ఏళ్ల తరబడి దాని కోసమే ఎదురు చూసినవాళ్లు. కొందరికి పత్తి డబ్బు అప్పుడే చేతికొచ్చింది. "ఒకడైతే నాలుగు డబ్బాలు ఒక్కసారే కొన్కపోయిండు మేడం. హైదరాబాద్ల దొరుకుతలేవట, ఆడ ఎక్కువకు అమ్ముకుంటడట," అన్నారు సేటు గొప్పగా. మా లెక్కలో ఆ నాలుగూ నాలుగు కుటుంబాలు.

మా వృత్తిలో అటాచ్ రేటు అని ఒకటుంది. ఒక యంత్రం అమ్ముడయ్యాక దాని వెనక ఎన్ని గేములు, చేత్తో పట్టుకొని ఆడించే కంట్రోలర్లు రెండోవి ఎన్ని పోయాయన్నది. యంత్రాన్ని మోజుతో కొనవచ్చు, రెండో కంట్రోలర్‌ను ఆడేవాళ్లే కొంటారు. షాపులో గేముల అర నిండుగా అలాగే ఉంది. సాయంత్రం దాకా కూర్చుంటే కాశిబుగ్గ నుంచి ఒక టీచరు గారు మాత్రం వచ్చారు. "పిల్లలు ఒక్క కంట్రోలర్‌కు కొట్లాడుకుంటాండ్రు, ఇంకోటి ఇయ్యుండ్రి. పక్కింటోళ్లు గూడ వచ్చి ఆడుతాండ్రు," అన్నారు. అసలైన కొనుగోలుదారు ఆయన. అలాంటివారు ఆ రోజుకు ఆయన ఒక్కరే.

అంచనాను సగానికి పైగా తగ్గించి, కారణాలు రాసి పంపాను. అన్ని ఏరియాలూ పెంచి పంపితే ఉలిపికట్టెలా నాదొక దారి ఏమిటని మేనేజర్ మండిపడ్డారు. కోటా కోసేశారు. సేటుతో కూలర్లు వదలొద్దని, కన్సోళ్లకు ఒక మూల చాలని చెప్పాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. బుకింగ్ మాత్రం చేశారు.

ఉగాది నాటికి కన్సోల్ అడిగేవాళ్లు లేరు. ఎండలు ముదిరాయి, కూలర్లు పోయాయి. మండిపడ్డ మేనేజరే మళ్లీ మెచ్చుకున్నారు. కథ అక్కడితో ఆగితే నాకు బాగుండేది. కానీ మరుసటి ఏడు కొత్త గేములు వచ్చాయి, ధర తగ్గింది, కాశిబుగ్గ టీచరు గారి పక్కింటివాళ్లలాంటివారు ఒక్కొక్కరే రావడం మొదలైంది. కన్సోల్ నిలబడింది. మా కోటా అప్పటికే వేరే జిల్లాలో ఉంది. సేటు సరుకు కోసం వారాల తరబడి ఎదురు చూడాల్సి వచ్చింది.

"ఇంతకు మీరు గెలిచిండ్రా, ఓడిండ్రా మేడం?" అన్నారు సేటు, రిటైరయ్యే ముందు నా ఆఖరి విజిట్‌లో.

జవాబు అరుణమ్మ ఇచ్చారు. "గా ఫికర్ నీకెందుకయ్యా? ఎదురు సూసెతందుకు షాపు మిగిలింది గద!"

మొదటి అమ్మకాలు తొందరపడ్డవాళ్లను చూపిస్తాయి, నిలిచేవాళ్లను చూపించవు. ఆ తర్వాత వచ్చే స్తబ్దత కూడా అంతే, దాన్ని నమ్మి యంత్రం పని అయిపోయిందనుకున్నాను, తప్పింది. అందుకే నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి లెక్క కట్టే పద్ధతి కంటే ముందు ఒక ప్రశ్న అప్పజెప్పాను. నువ్వు చెప్పబోయే సంఖ్య తప్పితే, ఆ షాపులో అమ్ముకోవడానికి ఇంకేం మిగిలి ఉంటుంది?