హారన్ కొడితే తగ్గే దీపం

మా బావ పోయాడు. దవాఖానలో జ్వరంతో పడుకున్న మనిషి తెల్లారేసరికి లేడని మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత పని ఇక్కడ పెట్టుకుని ఎట్లా పోతాడు?

బావ అంటే మా అక్క భర్త. మట్టెవాడలో వాళ్ల ఇంటి అరుగే ఆయన దుకాణం. మోటారు సైకిళ్ల దీపాలు, హారన్లు, బ్యాటరీలు బాగుచేసేవాడు. మా ఆయన ఒక షావుకారు దగ్గర పనిచేస్తాడు. షావుకారు ఇచ్చిన మోటారు సైకిల్ మీద నెక్కొండ దాకా ఊళ్లు తిరిగి, నేతవాళ్లకు నూలు ఇచ్చి బట్ట తేవాలి. తిరుగు దారిలో పొద్దుగూకేది. ఎదురుగా లాంతరు లేని ఎడ్లబండ్లు. పోనంటే ఉద్యోగం ఉండదు, పోతే మనిషి వస్తాడో రాడో. నా పసుపుకుంకుమలు ఆ ముందు దీపం మీదే ఉన్నాయి.

ఒక దసరాకు ఆయుధపూజ అని మా ఆయన మోజుపడి బండికంతా నల్లరంగు వేయించాడు. పూజ అయింది, దీపం చెడింది. హారన్ కొడితే చాలు, మిణుకుమని తగ్గిపోయేది. ఎవరో ‘ఎర్త్ లేదు’ అన్నారట. ఎర్త్ అంటే భూమే కదా అని ఈ మహానుభావుడు బండికి ఒక తీగ కట్టి, నేల మీద ఈడ్చుకుంటూ సుబేదారి నుంచి బావ అరుగు దాకా వచ్చాడు. వెనక కుక్కలు. నేను నవ్వలేక చచ్చాను.

బావ నవ్వలేదు. "నేను గూడ మొదట్ల గట్లనే అనుకున్న తమ్మీ. నేలల మేకు పాతి తీగె కట్టిన," అన్నాడు. "ఎర్త్ అంటె మన్ను గాదు, బండి ఇనుమే. కరెంటు బయటికి పోతె సాలదు, మల్ల ఇంటికి రావాలె. నువ్వు ఆ వచ్చే తొవ్వను రంగు పూసి మూసినవ్."

తీగ బిగించే చోట ఇనుము తేలేదాకా రంగు గీకి, నట్టు బిగించాడు. దీపం నిలిచింది. "ఇగ ఫికర్ జెయ్యకు పిల్లా," అన్నాడు నాతో. మోటారు సైకిల్ ఉన్నవాళ్లకు తెలిసే ఉంటుంది, ఆ బెంగ తీరేది కాదు. వానలకు ఆ చోట తుప్పు పట్టేది, మళ్లీ దీపం తగ్గేది, మళ్లీ బావ. ఇన్నేళ్లు నా ఇల్లు నిలిచిందంటే ఆ చేతుల చలవే.

ఈసారి దీపం తగ్గేనాటికి ఆయన మంచాన పడ్డాడు. దవాఖానకు చూడబోతే ఆయన నోట వేరే మాట లేదు. "తమ్మీ, హారన్ కొడితె దీపం తగ్గుతాందా?"

"లేదన్నా, మంచిగున్నది," అన్నాడు మా ఆయన. నిజం చెబితే లేచి వచ్చేస్తాడని భయం. ఆ అబద్ధమే వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాట అయింది.

కర్మ ముగియగానే పనిలోకి రమ్మని షావుకారు కబురంపాడు. మా ఆయన అక్కవాళ్ల అరుగు ముందు బండి నిలిపి తుప్పు గీకాడు. నట్టు బిగించాడు, దీపం వేశాడు. హారన్ కొట్టి చూడాలి. ఆయనకు చెయ్యి లేవలేదు. తగ్గితే ఎవరిని అడగాలి?

లోపలి నుంచి అక్క వచ్చింది. బావ పోయిన నాటి నుంచి గడప దాటలేదు, నోరు తెరిచి ఏడవనూ లేదు. అప్పుడే బయటికి రావద్దని నేనంటున్నా ఆగలేదు.

"ఆయన దీపం దిక్కు సూసేటోడు. హారన్ నేనే ఒత్తేదాన్ని," అని బొటనవేలితో నొక్కింది.

దీపం తగ్గలేదు.

"మంచిగున్నది వదినా, ఇగ ఇడువు," అన్నాడు మా ఆయన.

అక్క వదల్లేదు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పట్టపగటి ఎండలో దీపం వెలుగుతూనే ఉంది, హారన్ మోగుతూనే ఉంది.