పండుగ పూట ఎనభై నాలుగు టన్నులు

నేనొకసారి ఒక దొంగను పట్టుకున్నాను. మూడు రోజులు నిఘా వేసి, సాక్ష్యాలు కూడగట్టి, మేనేజర్ గారి ఎదుట నిలబెట్టి మరీ పట్టుకున్నాను. ఆ ఘనకార్యం తలచుకుని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అన్నం మధ్యలో పొలమారేదాకా నవ్వుతారు. మీరూ మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులు. అశ్వారావుపేట దగ్గర ఒక పామాయిల్ మిల్లులో లెక్కలు చూసేవాణ్ణి. చదువు అంతంతమాత్రం. కూడికలూ కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్నవే. అనుమానం మాత్రం పుట్టుకతో వచ్చింది. తాళం వేసి మూడుసార్లు లాగేవాణ్ణి. మూడుసార్లే లాగానా అని నాలుగోసారి లాగేవాణ్ణి.

ఆ రోజు ఎన్ని టన్నుల పామాయిల్ గెలలు వచ్చాయో సాయంత్రం ఆరింటికి హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్‌లో చదివి వినిపించాలి. "ఎనభై నాలుగా, నలభై ఎనిమిదా?" అని అవతలి నుంచి అరుపులు. నా గొంతు బొంగురుపోయేది. చివరికి ఖమ్మంలో ఒక పాత పుస్తకం కొని, నెల రోజులు దానితో కుస్తీ పట్టాను. ఆరు కొట్టగానే ఆఫీసు కంప్యూటరే ఫోన్ లైన్ కలుపుకుని, కాటా లెక్కల షీటు మీద ఆ రోజు తేదీ వేసి, ఈమెయిల్‌లో పంపేలా చేశాను. నాకూ ఒక కాపీ వచ్చేది. ఈ లోకంలో నేను అనుమానించని ప్రాణి అదొక్కటే.

కాటా గదిలో సమ్మక్క ఉండేది. ట్రాక్టర్ కాటా ఎక్కగానే బరువు చూసి కంప్యూటర్లో కొట్టేది. అది వైరు గుండా నా ఆఫీసుకు వచ్చేది. తన నోటుపుస్తకంలో కూడా రాసుకునేది. వాళ్ల అడవి పల్లెలో, మిల్లులో కుర్చీ ఉద్యోగం దొరికిన మొదటి మనిషి ఆమె.

ఎండాకాలం చివర, విత్తనాలు చల్లేముందు అడవి పల్లెలు చేసుకునే విత్తనాల పండుగ వచ్చింది. ఆ నాలుగు రోజులూ మా చుట్టుపక్కల గెలలు కోసేవాళ్లెవరూ కత్తి పట్టలేదు. సమ్మక్క కాటా గదికి తాళం వేసి ఊరికి పోయింది. మిల్లులో మిగిలింది మేనేజర్ గారూ, నేనూ, ఈగలూ.

రెండో రోజు పొద్దున మెయిల్ తెరిచాను. పైన నిన్నటి తేదీ. కింద: వచ్చిన గెలలు 84 టన్నుల 320 కిలోలు.

కాటా గదికి పరుగెత్తాను. తాళం వేసినట్టే ఉంది. నాలుగుసార్లు లాగాను. చుట్టుపక్కల ఒక్క గెల లేదు. మర్నాడూ 84 టన్నుల 320. ఆ మర్నాడూ అంతే!

మీరు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నేను మాత్రం ఇలా లెక్క కట్టాను: మామూలు దొంగ ఒకరోజు ఎక్కువ రాస్తాడు, ఒకరోజు తక్కువ రాస్తాడు. కిలో తేడా రాలేదంటే, ఇది మహా క్రమశిక్షణ గల దొంగ పని. మిల్లులో అంత శుభ్రంగా లెక్క రాసేది ఇద్దరమే. అందులో నేను కాదు.

"రాని ట్రాక్టర్లను వచ్చినట్టు రాస్తోందండీ. కాటా గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంది" అన్నాను మేనేజర్ గారితో.

"సమ్మక్కనా? పండుగకు పోయింది గదయ్యా."

"పోయినట్టు కనబడిందండీ."

"నిజమైతే పనిలకెల్లి తీసేస్త. కబురు పెట్టు."

నాలుగో రోజు సాయంత్రం, ఆరు కావస్తుండగా, సమ్మక్క నుదుట పండుగ బొట్టుతో ఆటో దిగింది.

"ఏంది సారూ, పండుగల నుంచి గుంజుకొచ్చిన్రు?"

ఆ మూడు రోజుల మెయిళ్ల కాగితాలు ఆమె ముందు పరిచాను. "ఈ గెలలు ఎక్కడివి?"

ఒక్క చూపు చూసి నోటుపుస్తకం తీసింది. "ఇవి పండుగ ముందటి రోజువి గద."

"తేదీ చూడు."

"తేదీ సంగతి నాకెర్కలేదు. గీ పదో బండి చూడు. దాని టైరు కాటా మీదనే పేలింది. నలుగురం నూకితె గేటు దాటింది. గసొంటి బండి మల్ల మూడు రోజులు రోజూ వచ్చిందా?"

"అందుకే అంటున్నా, నువ్వే రాసి ఉంటావు."

సమ్మక్క నోటుపుస్తకం మూసింది. "నేను ఈ కుర్చీల కూసున్ననని మా ఊళ్లె ఆడపిల్లల్ని బడికి తోలుతున్నరు సారూ. దొంగ అనేముందు జర సోచాయించు."

నేను నోరు తెరిచేలోగా గోడ గడియారం ఆరు కొట్టింది. కంప్యూటర్ పక్కనున్న, ఫోన్ లైన్ కలిపే డబ్బా పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. మా ముగ్గురి కళ్లముందే తెర మీద ఆ రోజు తేదీ పడింది. దాని కింద 84 టన్నుల 320 కిలోలు. మెయిల్ వెళ్లిపోయింది.

"ఇప్పుడెవరు పంపిన్రు?" అన్నారు మేనేజర్ గారు.

"నేనే... నండీ."

కొత్త లెక్క రాని రోజున ఏం చేయాలో దానికి నేను చెప్పనేలేదు. పాపం, అది పాత షీటుకే రోజూ కొత్త తేదీ వేసి, నా ఆజ్ఞ శిరసావహించింది.

అంతలో గేటు బయట హారన్లు. కిటికీలోంచి చూస్తే నాలుగు ఖాళీ ట్యాంకర్లు! రిపోర్టులు చూసి మురిసిపోయిన హైదరాబాద్ వాళ్లు నూనె తెమ్మని పంపారు.

సమ్మక్క ట్యాంకర్లను చూసింది, నన్ను చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దొంగ దొరికిండు సారూ! ఏ ఊరికి కబురు పెడదాం?"

చేతులు జోడించాను. మాఫ్ చేసింది కానీ ఒక షరతు పెట్టింది. రోజూ ఆరింటికి ముందు నేనే కాటా గదికి నడిచి వెళ్లి, "సమ్మక్కా, ఇయ్యాల గెలలు వచ్చినయా?" అని అడగాలి. ఆమె "అవ్" అన్నాకే మెయిల్ కదలాలి. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అడిగాను, వానలో గొడుగు పట్టుకుని కూడా.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరినైనా అనుమానించేముందు, నన్ను నేను మూడుసార్లు లాగి చూసుకుంటాను.

నాలుగోసారి కూడా.