రుక్కమ్మ అమ్మమ్మకు ఇల్లు లేకుండా చేసినవాళ్లకు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, రుక్కమ్మ అమ్మమ్మ దవాఖానల చనిపోయింది."

ఉన్నపళంగా ఆఫీసు నుంచి బయల్దేరాను.

తొంభై దాటిన మనిషి పోతే షాకేంటి అనకండి. మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నన్ను తిట్టింది, బక్కచిక్కిపోయానని.

రుక్కమ్మ మా అమ్మమ్మకు చెల్లెలు. సూర్యాపేటలోనే పుట్టింది, అక్కడే పోయింది. చిన్నతనం తప్ప బతుకంతా కిరాయి ఇళ్లలోనే.

అలా ఎందుకు జరిగిందో ఈరోజు రాస్తాను. ఒక ఫోటో, రెండు దండాలు పెట్టి ఊరుకోవడం నా వల్ల కాదు.

పందొమ్మిది వందల నలభైల చివరి మాట. పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయిన కొత్తలు. రుక్కమ్మ వాళ్ల నాన్న సొంతిల్లు మిర్యాలగూడ షావుకారు దగ్గర కుదువ పెట్టి అప్పు తెచ్చాడు. తీర్చకముందే పోయాడు. ఆ ఏడు పంట కూడా ఎండింది.

తల్లి వెళ్లి గడువు పెంచమని అడిగితే, షావుకారు "నీ పిల్లలు నా పిల్లలు కారా అమ్మా? వచ్చే పంటకు ఇయ్యి" అన్నాడట. ఇప్పటి భాషలో లోన్ రీస్ట్రక్చరింగ్.

కాగితం మాత్రం లేదు. అంత పెద్దమనిషిని రాసివ్వమంటే ఏమనుకుంటాడో అని ఆమె అడగలేదు.

కొన్నాళ్లకు కబురొచ్చింది. పాత గడువే గడువు. ఆ రోజుకు మొత్తం కట్టకపోతే ఇల్లు నాది.

తల్లి ఉన్న బంగారమంతా అమ్మింది. గొడ్లను అమ్మింది. పైసలు జమయ్యాయి. తల్లీ రుక్కమ్మా గడువుకు ముందే బండి కట్టించుకుని మిర్యాలగూడ పోయారు.

"షావుకారు లేడు, కోదాడ పోయిండు" అన్నారు ఇంట్లోవాళ్లు.

కోదాడ పోయారు. అక్కడ ఆయన గోదాము దగ్గర గుమాస్తా, "ఇప్పుడే సూర్యాపేట వెళ్లారండి, మీ ఊరికే" అన్నాడు. "నువ్వన్న తీసుకో అయ్యా" అని తల్లి మూట ముందు పెడితే చేతులు వెనక్కి కట్టుకున్నాడట. "నేను ముట్టకూడదండి."

ఇల్లు చేరేసరికి గడువు దాటింది. మర్నాడు షావుకారు తనే వచ్చాడు, చేతిలో తాళంకప్పతో.

దాక్కున్నాడండీ! అప్పిచ్చినవాడు, ఎక్కడ తీసుకోవాల్సి వస్తుందోనని ఊరూరా తిరిగి దాక్కున్నాడు! థూ.

తర్వాత ఒక వకీలు తల్లికి చెప్పాడు. "ఆయన దొరకకపోతే పైసలు కోర్టుల జమ చేసేది ఉండె గదమ్మా. ఇప్పటికన్న మించిపోలేదు. దావా ఏద్దాం. కుదువ పెట్టిన ఇల్లు విడిపించుకునే హక్కు నీకు ఉంటది."

హక్కు ఉంది. చేతిలో పైసలూ ఉన్నాయి. కానీ మన పెద్దలు ఊరుకుంటారా? "ఆడపిల్లను ఎంటేసుకొని కోర్టు కచేరీ మెట్లెక్కితే రేపు దాన్ని ఎవడు చేసుకుంటడు?" అని తల్లి నోరు మూయించారు. రుక్కమ్మకు సొంత మేనమామలే. షావుకారు కంటే వీళ్లమీదే నాకు ఎక్కువ మంట.

రుక్కమ్మ అమ్మమ్మ అనేది: "ఇల్లు పోయినందుకు కాదే. పైసలు ఒడిల పెట్టుకొని ఇల్లు పోగొట్టుకున్నం. గదీ నాకు మండుతది."

మూడేళ్ల కింద ఎదురింటి యాదమ్మ కొడుకు ఉద్యోగం పోయి హోమ్ లోన్ ఆగిపోయింది. బ్యాంకాయన ఫోన్‌లో "ఈఎంఐ తగ్గిస్తాం, టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ వెనకే నోటీసు వచ్చింది, ఇల్లు వేలం వేస్తామని.

"ఫోన్ల చెప్పిండా, రాసిచ్చిండా? గీడ ఏడ్సుకుంట కూసుంటే ఏమొస్తది? లే, వకీలు కాడికి నడువు!" అని అమ్మమ్మ కర్ర పట్టుకుని యాదమ్మను ఆటో ఎక్కించింది. వకీలు గడువులోపే బ్యాంకుకు అభ్యంతరం రాసి పంపాడు. వాళ్లు వినకపోతే బ్యాంకు అప్పుల ట్రిబ్యునల్‌కు వెళ్లి వేలం ఆపించాడు. చివరికి బ్యాంకే దిగొచ్చి వాయిదాలు మార్చింది, ఈసారి కాగితం మీద. యాదమ్మ ఇల్లు నిలిచింది.

ఇక నిన్నటి సంగతి.

నేను వెళ్లేసరికి అంబులెన్స్ అమ్మమ్మ కిరాయి ఇంటిముందు ఆగి ఉంది. అమ్మమ్మ ఇంకా అందులోనే. ఇంటి ఓనర్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమనుకోకుండ్రి. శవాన్ని లోపలికి తేవద్దు. మల్ల ఎవరూ కిరాయికి రారు."

ఏళ్ల తరబడి ఆమె చేతి కిరాయి తీసుకున్న మనిషి! సిగ్గుందా అని మొహానే అడిగాను. ఇక్కడా అడుగుతున్నాను. ఈ పోస్ట్ ఎవరైనా ఆయనకు చూపించండి.

తమ్ముడు రోడ్డు మీద టెంట్ వేయిద్దామని ఫోన్ తీశాడు.

అంతలో యాదమ్మ తన గేటు బార్లా తెరుచుకుని వచ్చింది. "రోడ్డు మీద ఎందుకుంటది? నా ఇంట్లకు తెండ్రి. గా ముసల్ది లేకుంటే నేనే రోడ్డు మీద ఉందును." కోడలు అశుభమని ఏదో అనబోతే, "నోర్మూయ్" అంది.

వాళ్ల నట్టింట్లో పడుకోబెట్టాం. ఈ ఉదయం అక్కడి నుంచే సాగనంపాం.

అమ్మమ్మా, నా కోపం ఇప్పట్లో చల్లారదు. నువ్వు మాత్రం చల్లగా ఉండు.

ఇక నిన్ను ఖాళీ చెయ్యమనేవాడు ఎవడూ లేడు.